గాజులా మారిన గులాబీ పిలకలు

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గరి పల్లె. చిన్న నర్సరీ నడుపుతున్నాను. బయోటెక్నాలజీ చదువుతున్న మా అమ్మాయి మా ఎర్ర గులాబీ కణుపులను కళాశాల ల్యాబులో టిష్యూకల్చర్ పద్ధతిలో (సీసాల్లో, పోషకాల మీద) పెంచుతోంది. పిలకలు త్వరగా రావాలని లీటరు పోషక మాధ్యమానికి 6 మిల్లీగ్రాముల బి.ఎ.పి. అనే హార్మోన్ కలిపింది. పిలకలు గుత్తులుగా వచ్చాయి గాని, ఆకులు నీరుపట్టి, గాజులా పెళుసుగా ఉన్నాయి. ఒక్కదానికీ వేరు రాలేదు. లోపం ఎక్కడుందంటారు?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: లోపం అమ్మాయి పనితనంలో కాదు, మోతాదులో ఉంది. బి.ఎ.పి. సైటోకైనిన్ వర్గపు హార్మోన్. కొనమొగ్గ పెత్తనం కింద నిద్రపోయే కణుపు మొగ్గలను లేపి పిలకలు పెట్టించడం దాని పని. వేరు పుట్టించేది ఆక్సిన్. ఈ రెండింటి నిష్పత్తిని బట్టే కణజాలం నుంచి కొమ్మ వస్తుందో, వేరు వస్తుందో తేలుతుందని స్కూగ్, మిల్లర్ అనే శాస్త్రవేత్తలు 1957లో పొగాకు కణజాలంపై నిరూపించారు. అందువల్ల సైటోకైనిన్ నిండిన సీసాలో వేరు కోసం ఎదురుచూసి ప్రయోజనం లేదు.

ఆకులు గాజులా మారడానికీ ప్రధాన కారణం ఆ ఎక్కువ మోతాదే. యూరియా ఎక్కువైన వరిచేను ఏపుగా కనిపించి చివరికి పడిపోవడం మీకు తెలియనిది కాదు. సీసాలోని తేమ, గట్టిగా బిగించిన మూత, పలుచని అగర్ (మాధ్యమాన్ని గడ్డకట్టించే పదార్థం) కూడా ఈ లక్షణాన్ని పెంచుతాయి. బాగా గాజుబారిన పిలకలు కోలుకోవడం అరుదు గనుక వాటిని తీసివేసి, కొత్త కణుపులతో మళ్లీ మొదలుపెట్టించండి. బి.ఎ.పి.ని లీటరుకు 1 నుంచి 2 మిల్లీగ్రాములకు తగ్గించి, అగర్‌ను 8 గ్రాముల వరకు పెంచి, నాలుగు వారాలకొకసారి కొత్త మాధ్యమంలోకి మార్చాలి. బి.ఎ.పి. నీటిలో సులభంగా కరగదు; ముందు కొద్ది చుక్కల సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో కరిగించి, మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున నిల్వ ద్రావణం చేసుకుంటే తూకంలో పొరపాటు తగ్గుతుంది. (నా అనుమానం సగం అక్కడే ఉంది.)

పిలకలు రెండు మూడు సెంటీమీటర్లు ఎదిగాక, లవణాలు సగానికి తగ్గించిన ఎం.ఎస్. మాధ్యమంలో (టిష్యూకల్చర్‌లో సాధారణంగా వాడే పోషక మిశ్రమం) సైటోకైనిన్ లేకుండా, లీటరుకు అర మిల్లీగ్రాము నుంచి ఒక మిల్లీగ్రాము వరకు ఐ.బి.ఎ. లేదా ఎన్.ఎ.ఎ. అనే ఆక్సిన్ కలిపి నాటాలి. పాత బి.ఎ.పి. కణజాలంలో మిగిలి వేరును అడ్డుకుంటుంది కనుక, అంతకుముందు ఒక విడత హార్మోన్ లేని మాధ్యమంలో ఉంచడం మేలు.

అసలు నష్టం సీసా దాటాకే జరుగుతుంది. సీసాలో పెరిగిన ఆకులకు మైనపు పొర పలుచన, పత్రరంధ్రాలు సరిగా మూసుకోవు. మన మే నెల ఎండలో గంటల్లో వాడిపోతాయి. వేళ్లకంటిన అగర్‌ను కడిగేసి (అందులోని చక్కెరకు బూజు పడుతుంది), ఉద్దానం వైపు దొరికే కొబ్బరిపొట్టులో నాటి, పాలిథిన్ కవరు కప్పి, రెండు మూడు వారాలపాటు రోజుకు కొంచెం చొప్పున తెరుస్తూ గాలికి అలవాటు చేయండి.

ప్రశ్న: కొమ్మలకు పూసే, వేరు పుట్టించే పొడిని టిష్యూకల్చర్ సీసాలో వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: వాడకూడదు. అందులో ఐ.బి.ఎ. వంటి ఆక్సిన్‌ను టాల్క్‌లో కలుపుతారు. మిల్లీగ్రాముల లెక్క తెలియదు, సూక్ష్మజీవులు లేవన్న హామీ కూడా ఉండదు. కొమ్మలు నాటడానికే దాన్ని ఉంచుకోండి. ఏటా కొన్ని వందల మొక్కలే కావాలంటే కన్ను అంటు చాలు, ల్యాబు ఖర్చు అనవసరం.