‘ఏబ్ అలేచ్’ అంటే తిట్టా?

ప్రశ్న: మా అమ్మ ఖద్దామా (ఇంటి పనిమనిషి) వీసా మీద కువైట్ వెళ్లి ఏడాదైంది. ఆ ఇంటి మామ (అక్కడ యజమానురాలిని అలాగే పిలుస్తారు) రోజుకు నాలుగుసార్లు ‘ఏబ్ అలేచ్’ అంటుందట. ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ ఏడుస్తోంది. అది అంత పెద్ద తిట్టా?
– ఓ పాఠకురాలు, రాజంపేట

జవాబు: కాదు తల్లీ. ఈ మాట ముందు అమ్మకు చెప్పు. ‘కాలికి ఐబు ఉంది’ అంటాం చూడు, ఆ ఐబే ఇది. అరబ్బీలో లోపం అని అర్థం, ఉర్దూ మీదుగా మన ఊళ్లకొచ్చింది. అక్కడి తల్లులు కడుపున పుట్టిన పిల్లల్నీ ఇదే మాట అంటారు. పెద్దవాళ్లకు ఎదురు చెబితే ఏబ్, అందరికంటే ముందు పళ్లెంలో చెయ్యి పెడితే ఏబ్. ఆడవాళ్లనైతే ‘అలేచ్’, మగవాళ్లనైతే ‘అలేక్’. మన ‘తప్పు కదూ!’ లాంటిదే. అయినా రోజూ వింటే మనసు చివుక్కుమంటుంది, అమ్మ ఏడవడంలో తప్పేం లేదు.

దీనికంటే ‘ఆర్’ బరువైన మాట, అంటే పరువుకు పడే మచ్చ. ఆ మచ్చ ఇంటిల్లిపాదికీ అంటుతుంది. ‘ఫదీహా’ మన ఫజీతే, కాకపోతే అక్కడ నలుగురిలో పరువు పోవడం. ‘హిమారా’ అంటే ఆడగాడిద. అది మాత్రం మనిషిని చులకన చేసే తిట్టే.

అమ్మ జాగ్రత్తపడాల్సిన మాట వేరే ఉంది: ‘హరామియా’. నేను కువైట్‌లోని సాల్మియాలో పదకొండేళ్లు వంటచేశాను. మూడో ఏట పిల్లవాడి గొలుసు కనపడలేదు. ముసలామె నా ముఖం మీదే ‘హరామియా’ అంది. మనవైపు ‘హరామీ’ అంటే పుట్టుకనే తిట్టడం కదా, అదే అనుకుని తలవంచుకుని ఏడ్చాను. అరబ్బీలో ఆ మాటకు దొంగ అని అర్థం. నా మౌనాన్ని ఒప్పుకోలు అనుకున్నారు. నా పెట్టె హాల్లోకి తెచ్చి, చీరలు ఒక్కొక్కటే విప్పి దులిపారు. రెండు రోజులకు గొలుసు సోఫా సందులో దొరికింది. ఎవరూ నాతో ఒక్క మాట అనలేదు.

అందుకే అమ్మకు రెండు వాక్యాలు నేర్పు. ‘ఆనా మూ హరామియా’, నేను దొంగను కాను. ‘మాలీ ధంబ్’, నా తప్పు లేదు. ఈ రాత్రి ఫోన్లో నాలుగైదుసార్లు పైకి అనిపించు. గొంతు వణక్కుండా వచ్చేదాకా అనిపించు.