పాత రబ్బరు చేతికి వచ్చినాకనే కొత్త ఫిల్టర్

తిరుపతి

చి. భార్గవికి,

పెద్దనాయన ఆశీస్సులు. సెకండ్ హ్యాండ్‌లో స్విఫ్ట్ కొన్నావని, కాణిపాకంలో పూజ కూడా చేయించినావని మీ నాయన ఫోన్ చేసి చెప్పినాడు. చానా సంతోషం. మెల్లిగా ఇంకో మాట కూడా చెప్పినాడు, ఇంజన్ ఆయిలూ ఫిల్టరూ నువ్వే ఇంటికాడ మార్చుకుంటానంటా ఉండావని. మన ఇంట్లో మగపిల్లోళ్ళు ఉండారు, ఒక్కడికీ బానెట్ తెరిచేది తెలీదు. నీకు తోచింది. మీ పెద్దమ్మ మాత్రం "ఆ పిల్లని బండి కిందికి దూరనిస్తావా?" అని నా మీద పడింది. ఆ భయం నాకూ ఉండాది.

కాబట్టి మొదట అదే. ఒట్టి జాకీ మీద నిలబెట్టి బండి కిందికి దూరొద్దు. జాకీ ఎత్తేదానికే, మోసేదానికి కాదు. ఎత్తినాక బండి బరువు మోసే ఇనుప కాళ్ళుంటాయి, జాక్ స్టాండ్లంటారు, అవి రెండు కొను. సమంగా ఉండే గట్టి నేల మీద బండి పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, వెనక చక్రాలకు రాళ్ళు పెట్టు. స్టాండ్ల మీదికి దించినాక బండిని చేత్తో ఊపి చూసి, అప్పుడు దూరు. ఇటికలు పేర్చి ఎత్తుతానంటే నేను ఊరుకోను. ఇటిక పగిలేముందు చెప్పి పగలదు.

ఇంగ ఫిల్టర్. ఏ కంపెనీది మంచిదని రోజూ రాత్రి ఫోన్‌లో చదువుతా ఉండావంట. కంపెనీ తర్వాత, ముందు పార్ట్ నంబర్. నీది పెట్రోలా డీజిలా, ఏ సంవత్సరం బండి అని చెప్పి దానికి రాసిందే అడుగు. ఇంజన్‌కి తిప్పి బిగించే మర సరిపోయింది గదా అని ఏది పడితే అది బిగించద్దు. చానా ఫిల్టర్లలో బైపాస్ వాల్వ్ అని ఒకటి ఉంటుంది. లోపల ఆయిలు వడకట్టే కాగితం మురికితో పూడిపోయినా, చలికి ఆయిలు చిక్కబడినా అది తెరుచుకుని వడకట్టకుండానే ఆయిలు పంపిస్తుంది. ఇంజన్ ఎండిపోయేదాని కన్నా మురికి ఆయిలే నయం గదా. అది ఎంత ప్రెషర్‌కి తెరుచుకోవాలనేది ఒక్కో ఇంజన్‌కి ఒక్కో లెక్క. మర చూస్తే అది తెలీదు.

ఇంకొకటి, ఆయిలు వెనక్కి జారకుండా ఆపే రబ్బరు పొర. అది గట్టిబడితే రాత్రంతా ఆయిలు దిగిపోయి, పొద్దున స్టార్ట్ చేయంగానే ఇంజన్ కాసేపు టకటకమంటుంది. సిలికాన్ పొర మామూలు రబ్బరు కన్నా వేడికి ఎక్కువ తట్టుకుంటుంది. ఎంత సన్న మురికిని పడుతుందో చెప్పేదానికి పెట్టె మీద 'ఇన్ని మైక్రాన్లు' (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అని పెద్దక్షరాలతో ఉంటే మురిసిపోవద్దు. ఆ సైజు మురికిలో నూటికి ఎంత పడుతుందో రాయకుంటే అది ఉత్త అంకె. షోరూం కౌంటర్లో కొను, లేదా తెలిసిన అంగట్లో బాష్, మాహ్లే లాంటిది తీసుకో. సగం ధరకే కంపెనీ డబ్బా ఇస్తామంటే నమ్మొద్దు. మర మీద గోరు తిప్పితే ఇనుప రజను తగిలినా, ఇంజన్‌కి ఆనే రబ్బరు రింగు ఒక పక్క ఎత్తుగా ఉన్నా ఆడనే వెనక్కిచ్చెయ్.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా బండి పోగొట్టుకున్నోళ్ళను చూసినా. తొంభైల్లో ఒక మారుతి వ్యాన్ టాక్సీ. ముందురోజే వేరే షెడ్డులో ఆయిల్ మార్పించినారు. ఫిల్టర్ కొత్తది, అసలైనదే. మార్చిన పిల్లోడు పనిమంతుడే. కానీ పాత ఫిల్టర్ విప్పినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయింది. నల్ల ఇనుము మీద నల్ల రబ్బరు, పైగా ఆయిల్ తడి. కనపడలేదు. దానిమీదనే కొత్తది బిగించేసినాడు. షెడ్డులో స్టార్ట్ చేస్తే ఒక్క చుక్క కారలేదు. మరుసటి రోజు యాత్రికుల్ని ఎక్కించుకుని తిరుమల రెండో ఘాట్‌లో సెకండ్ గేర్లో ఎక్కుతా ఉంటే, ఆ ప్రెషర్‌కి రింగు ఒక పక్కకి జారి ఆయిలంతా రోడ్డు పాలు. ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని చెప్పే ఎర్ర లైటు వెలిగింది. డ్రైవరు చూసినాడు కూడా. పైకి పోయి చూసుకుందాంలే అని తొక్కినాడు. నాలుగు మలుపులు తిరగలేదు, ఇంజన్ పట్టేసింది.

ఎక్కే దారిలో వెనక్కి దిగనియ్యరు గదా. తాడు కట్టి కొండమీదికి లాగి, మళ్ళీ 1944 నాటి పాత ఘాట్‌లో దించుకొచ్చినాం. ఫిల్టర్ నేనే విప్పినా. ఒకదానిమీద ఒకటి రెండు రింగులు, పైది పెదవి మాదిరి బయటికి వేలాడతా ఉండాది. ఓనరు ఆ పిల్లోణ్ణి అందరి ముందరా తిట్టి జీతం ఆపించినాడు. మళ్ళీ వాడు పానా పట్టలేదు. నన్నడిగితే సగానికి పైగా తప్పు లైటు చూసి బండి ఆపనోడిది. వాణ్ణి ఎవురూ ఏమీ అనలేదు, ఓనరు బామ్మర్ది.

అంబాసిడర్ కాలంలో ఈ రబ్బరు గాడిలో ఇరుక్కుని ఉండేది, సూదితో పెరికేవాళ్ళం. అంత కష్టం నీకు లేదు. విప్పంగానే పాత డబ్బా తిరగేసి చూడు, రింగు దాంతోబాటే వచ్చిందా లేదా. రాకుంటే ఇంజన్ మీద వెతికి తియ్యి. రింగు కూర్చునే చోటు గుడ్డతో తుడిచి, వేలితో చుట్టూ తడుము. కంటిని నమ్మొద్దు.

కొత్త రింగుకి వేలితో ఆయిలు పూసి, చేత్తోనే తిప్పు. రబ్బరు ఆనుకున్నాక డబ్బా మీద రాసినంత, చానావాటికి ముప్పావు చుట్టు. పానాతో బిగిస్తే రబ్బరు నలిగిపోతుంది. కొత్త ఆయిలు పోసినాక స్టార్ట్ చేసి కింద కారుతుందేమో చూడు, ఆపి, బండిని స్టాండ్ల మీంచి దించి, కాసేపాగి ఆయిలు మట్టం చూపించే కడ్డీ, డిప్‌స్టిక్, చూడు. పాత ఆయిలు కాలవలో పొయ్యొద్దు, క్యాన్‌లో పట్టి షెడ్డులో ఇచ్చెయ్. ఎప్పుడు ఆయిలు మార్చినా ఫిల్టర్ కూడా మార్చాల.

నడిపేటప్పుడు ఆ ఎర్ర లైటు వెలిగితే యాడున్నా సరే పక్కకి తీసి ఆపి, ఇంజన్ ఆఫ్ చెయ్. ఇంటర్వ్యూకి పోతా ఉన్నా సరే, మీ నాయన్ని ఆస్పత్రికి తీసుకుపోతా ఉన్నా సరే. ఆటో పట్టుకుని పో.

ఆదివారం పెట్టుకుంటే నేను పొద్దున బస్సుకే చిత్తూరు వచ్చేస్తా. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటా, చెయ్యి పెట్టను. పెట్టనంటే మీ పెద్దమ్మ నమ్మడం లేదు, ఆమె కూడా వస్తాదంట. స్టాండ్లు మాత్రం నేను వచ్చేలోపల కొని పెట్టు.

మీ పెద్దనాయన