ఆఫీసుకూ కొండకూ ఒకే బ్యాగు కొనేటప్పుడు లీటర్ల కంటే ముందు చూడవలసినవి

మీరు హైదరాబాద్‌లో రోజూ 14 అంగుళాల లాప్‌టాప్‌తో మెట్రోలో ఆఫీసుకు వెళ్తారనీ, వీలు చిక్కినప్పుడు అహోబిలం, నల్లమల వైపు నడకలకు పోతారనీ, వచ్చే శీతాకాలంలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ఎక్కాలనుకుంటున్నారనీ రాశారు. వీటన్నిటికీ ఒకే చిన్న బ్యాగు సరిపోతుందా, సరిపోతే 20 లీటర్లది కొనాలా, 30 లీటర్లది కొనాలా అన్నది మీ ప్రశ్న. నేనూ మియాపూర్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో తిరిగే మనిషినే, కొండలకు వెళ్లేదీ అదే బ్యాగుతోనే. ఒక్కటి సరిపోతుంది, 20 నుంచి 22 లీటర్లు చాలు. అయితే లీటర్ల కంటే ముందు ఆ బ్యాగు వీపుకు ఆనే వైపు ఎలా ఉందో, దాని అడుగు భాగం ఎంత వెడల్పుగా ఉందో చూడండి. కొండ అవసరానికీ ఆఫీసు అవసరానికీ అసలు పేచీ వచ్చేది ఆ రెండు చోట్లే.

బరువు విషయంలో ఈ రెండింటికీ పెద్ద తేడా ఉండదు. ఒక పగటి నడకకు రెండు లీటర్ల నీళ్లు పెట్టుకుంటే అవే రెండు కిలోలు. పులిహోర డబ్బా, నాలుగు పళ్లు కలిపి ఇంకో కిలో. వానకోటు, పల్చని స్వెట్టరు, టార్చిలైటు, మందుల పొట్లం, పవర్ బ్యాంకు కలిపి మరో కిలో పైచిలుకు. ఆఫీసు రోజున లాప్‌టాప్, చార్జరు, టిఫిన్ డబ్బా, లీటరు నీళ్లు, గొడుగు పెట్టుకుంటే అదీ ఇంచుమించు నాలుగు కిలోలే అవుతుంది. తేడా అంతా ఆకారంలో ఉంది. కొండకు మోసే వాటిలో ఎక్కువ భాగం మెత్తగా ఉండి, ఎక్కడ చోటుంటే అక్కడ సర్దుకుంటాయి. ఆఫీసుకు మోసేవి గట్టిగా, బల్లపరుపుగా ఉండి ఎక్కడా వంగవు. అందుకే మెత్తని వాటిని దృష్టిలో పెట్టుకుని కుట్టిన బ్యాగులో లాప్‌టాప్ ఒక మూల వీపులో పొడుస్తూ ఉంటుంది, గట్టి వాటి కోసం కుట్టిన ఆఫీసు బ్యాగు కొండ ఎక్కేటప్పుడు వీపుకు అంటకుండా అటూ ఇటూ ఊగుతుంది.

కొండ నడకల బ్యాగుల్లో వీపు వైపు రెండు రకాలుగా ఉంటుంది. మొదటి రకంలో వంచిన సన్నని లోహపు చట్రానికి నెట్ బిగించి ఉంటుంది. వీపుకు నెట్ మాత్రమే తగులుతుంది, నెట్‌కూ బ్యాగుకూ మధ్య గాలి ఆడుతుంది. జర్మనీకి చెందిన డాయిటర్ సంస్థ 1984లో ఈ పద్ధతిని తన బ్యాగుల్లో తెచ్చింది, ఇప్పుడు చాలా కంపెనీలు ఇలాంటివి తయారు చేస్తున్నాయి. చెమట తక్కువ పడుతుందన్న మాట నిజమే. కాని ఆ చట్రం వంపు బ్యాగు లోపలికి చొచ్చుకుని వస్తుంది కాబట్టి లాప్‌టాప్ వంగిన గోడకు ఆని నిలబడవలసి వస్తుంది, సగం చోటు వృథా అవుతుంది, బరువు వీపు నుంచి నాలుగు వేళ్ల దూరం వెనక్కి జరుగుతుంది. బరువు ఎంత వెనక్కి జరిగితే మెట్లు ఎక్కేటప్పుడు అంతగా ముందుకు వంగవలసి వస్తుంది. పైగా చట్రం వల్ల ఖాళీ బ్యాగే కిలోకు అటూ ఇటూ తూగుతుంది.

రెండో రకంలో వీపు వైపు బల్లపరుపుగా ఉండే ఫోమ్ ఉంటుంది, మధ్యలో గాలి పోయేందుకు నిలువుగా ఒకటో రెండో గాడులు ఉంటాయి. ఇందులో లాప్‌టాప్ వెన్నెముక పక్కనే నిటారుగా కూర్చుంటుంది, నడకలో బ్యాగు ఒంటితో పాటే కదులుతుంది, ఖాళీ బరువు కూడా అర కిలో దరిదాపుల్లో ఉంటుంది. చెమట ఎక్కువే పడుతుంది. అయినా మన ఏప్రిల్ ఎండల్లో నల్లమలలో నడిచేవారికి నెట్ ఉన్నా చొక్కా తడవక మానదు. ఆ కాస్త తేడా కోసం ఏడాదిలో మిగతా రోజులన్నీ లాప్‌టాప్‌తో కుస్తీ పట్టడం నాకు గిట్టుబాటుగా కనిపించలేదు. మీ వాడకంలో ఆఫీసు రోజులే ఎక్కువ గనుక గాడులున్న ఫోమ్ వీపునే ఎంచుకోమంటాను. ఒక జాగ్రత్త మాత్రం అవసరం: చెమట ఫోమ్ దాటి లాప్‌టాప్ అరలోకి కూడా దిగుతుంది, కాబట్టి కాగితాలను ఆ అరలో పెట్టకండి, లాప్‌టాప్‌కు పల్చని కవరు వేయండి.

లాప్‌టాప్ పెట్టే అర బ్యాగు అడుగు భాగం దాకా దిగకుండా, దానికి రెండు మూడు సెంటీమీటర్లు పైనే ఆగిపోవాలి. దుకాణంలో చెయ్యి లోపల పెట్టి తడిమి చూస్తే తెలిసిపోతుంది. ఈ జాగా లేని బ్యాగును ప్లాట్‌ఫారం మీద కాస్త గట్టిగా దింపినా దెబ్బ నేరుగా లాప్‌టాప్ మూలకు తగులుతుంది. కొండకు వెళ్లే రోజున అదే అరలో గొట్టం ఉన్న నీటి సంచి వేలాడదీసుకోవచ్చు. అయితే కేదార్‌కంఠకు శీతాకాలంలో వెళ్తున్నారు కాబట్టి ఆ సంచిని నమ్ముకోవద్దు; తెల్లవారుజామున చలికి గొట్టంలో నీళ్లు గడ్డకడతాయి. అక్కడికి ఫ్లాస్కే మేలు.

అడుగు భాగం సంగతి కొనేటప్పుడు చాలామందికి తట్టదు. కొండ నడకల కోసం చేసిన కొన్ని బ్యాగులు కిందికి వచ్చేసరికి సన్నబడతాయి. వాటిలో స్టీలు టిఫిన్ డబ్బా నిలువుగా కూర్చోదు, పక్కకు ఒరుగుతుంది, ఒరిగిన డబ్బాలో పప్పుచారు ఏం చేస్తుందో మీకు చెప్పనక్కరలేదు. మీరు రోజూ తీసుకెళ్లే డబ్బానే దుకాణానికి తీసుకెళ్లి, లాప్‌టాప్ అరలో ఉండగా దాని పక్కన నిలబెట్టి చూడండి. నింపిన బ్యాగు నేల మీద ఏ ఆసరా లేకుండా నిలబడితే ఇంకా మంచిది.

ఇక పొడవు. ఈ పరిమాణంలో ఎక్కువ బ్యాగులు అందరికీ ఒకే కొలతలో వస్తాయి, కాబట్టి సరిపోతుందో లేదో మనమే తేల్చుకోవాలి. తల వంచితే మెడ కింద పైకి తేలే ఎముక నుంచి తుంటి ఎముకల పై అంచు వరకు ఉన్నది మీ వీపు పొడవు. నించున్న ఎత్తుకూ దీనికీ నేరుగా సంబంధం ఉండదు. నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. యాభై సెంటీమీటర్లు దాటిన బ్యాగు నాకు తుంటి కిందికి జారి, పెద్ద మెట్టు ఎక్కిన ప్రతిసారీ వెనక నుంచి తడుతుంది. తిరుమలకు నడిచి ఎక్కే అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి, శ్రీవారి మెట్టు దారిలో 2,388 ఉన్నాయి; అన్ని మెట్లలోనూ తట్టే బ్యాగును ఎవరూ ఓర్చుకోలేరు. దుకాణంలో బరువు వేసుకుని మోకాలు నడుము ఎత్తుకు లేపి చూడండి, అక్కడ తట్టిందంటే అలిపిరి దారిలోని మోకాళ్ల పర్వతం దగ్గర తప్పక తడుతుంది.

నడుము పట్టీ గురించి అమ్మేవాళ్లు చాలా చెబుతారు. అయిదు కిలోల లోపు బరువుకు, అందులోనూ చట్రం లేని బ్యాగుకు, నడుము పట్టీ బరువును తుంటి మీదికి దించదు. బ్యాగు ఊగకుండా ఆపడం వరకే దాని పని. ఆ పనికి రెండు వేళ్ల వెడల్పు పట్టీ చాలు, అది విప్పి తీసేయగలిగేది అయితే మరీ మంచిది. మెత్తలు కుట్టిన వెడల్పాటి పట్టీ మెట్రో రద్దీలో పక్కవారికి తగులుతుంది, తనిఖీ యంత్రంలో రోలర్ల మధ్యకు పోతుంది. ఛాతీ పట్టీ మాత్రం ఉండి తీరాలి, అది పైకీ కిందికీ జరిపేలా ఉండాలి. చాలా బ్యాగులకు ఛాతీ బకిల్‌లోనే చిన్న ఈల ఉంటుంది, అడవిలో తప్పిపోయినప్పుడు గొంతు కంటే అది దూరం వినిపిస్తుంది.

పక్క జేబుల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే నడకలో మాటిమాటికీ చెయ్యి పోయేది అక్కడికే. బ్యాగు దింపకుండా సీసా తీసి, మళ్లీ అదే చేత్తో పెట్టగలగాలి. తీయడం చాలా బ్యాగుల్లో కుదురుతుంది, పెట్టడమే కుదరదు. బ్యాగు నిండా సామాను ఉన్నప్పుడు జేబు బిగుసుకుపోతుంది కాబట్టి, ఈ పరీక్ష ఖాళీ బ్యాగుతో చేస్తే లాభం లేదు. సీసా కూడా మీదే తీసుకెళ్లండి. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం, కాబట్టి మోసేది ఎలాగూ స్టీలుదో రాగిదో అవుతుంది. ఆ లావుకు, ఆ బరువుకు జేబు ఆగాలి. పూర్తిగా నెట్‌తో చేసిన జేబులు చూడటానికి తేలిగ్గా ఉంటాయి గాని, నల్లమలలో ముళ్ల కంపల మధ్య నడిస్తే ఎంతోకాలం నిలవవు. కింది సగం మందపు బట్ట, పై అంచు సాగే ఎలాస్టిక్ ఉన్న జేబు అన్నిటికంటే నయం.

ఆ జేబుల్లో తినే వస్తువులు మాత్రం పెట్టవద్దు. అహోబిలంలోనూ, తిరుమల నడకదారిలోనూ కోతులు బయటికి కనిపించే అరటిపండును వదలవు, ప్లాస్టిక్ కవరు చప్పుడైనా చాలు దగ్గరికి వస్తాయి. తిండి అంతా జిప్పు ఉన్న లోపలి అరలోనే ఉండాలి. నల్లమలలోని సలేశ్వరం వంటి చోట దీనికి ఇంకో కారణం కూడా ఉంది. చైత్ర పౌర్ణమి వేళ కొద్ది రోజులే తెరిచే ఆ లోయ దారిలో జనం ఒకరినొకరు ఆనుకుని దిగుతారు, రాళ్లు పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి. బయట వేలాడేది ఏదైనా ఎవరికో ఒకరికి చిక్కుకుంటుంది. అదనపు పట్టీలూ, కొక్కేలూ, వేలాడే తాళ్లూ ఎంత తక్కువగా ఉంటే ఆ బ్యాగు అంత మంచిది.

వానకు రెయిన్ కవర్ ఒక్కటే సరిపోదు. అది ముందు వైపునే కప్పుతుంది, మెడ మీద పడిన నీళ్లు వీపు వెంట దిగి ఫోమ్‌లోకి, అక్కడి నుంచి లోపలికి చేరతాయి. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి గుడికి వెళ్లే దారిలో కొండ చరియ మీద నుంచి నీళ్లు పడే చోటు దాటాలి, వానాకాలం తర్వాత వెళ్తే అక్కడ ఏ కవరూ ఆగదు. సామాను మొత్తాన్ని మందపాటి ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి మడిచి, ఆ సంచిని బ్యాగులో పెట్టుకోవడం నేను నమ్మే పద్ధతి. కవరు బురద నుంచి కాపాడటానికి పనికొస్తుంది, ఆఫీసు దారిలో జల్లులకు అది చాలు.

బట్ట గురించి క్లుప్తంగా చెబుతాను. డెనియర్ అంటే 9,000 మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. అదే డెనియర్‌లో పాలిస్టర్ కంటే నైలాన్ రాపిడికి ఎక్కువ ఆగుతుంది, కాబట్టి 600 డెనియర్ పాలిస్టర్ అన్న పెద్ద అంకె చూసి 420 డెనియర్ నైలాన్‌ను తీసిపారేయకండి. లోపలి బట్ట లేత రంగులో ఉండేలా చూసుకోండి; నల్లని లోపలి బట్ట ఉన్న బ్యాగులో తాళంచెవి వెతకడం చీకటి బావిలో బిందె వెతికినట్టే ఉంటుంది. భుజం పట్టీలు బ్యాగుకు కలిసే చోట అడ్డంగా దగ్గర దగ్గరగా వేసిన కుట్లు ఉండాలి. బ్యాగులు ముందుగా తెగేది అక్కడే, ఆ తర్వాత జిప్పు. జిప్పు లాగే చోట చిన్న తాడు ముక్క కట్టుకుంటే చేతిగ్లవ్స్‌తో కూడా తెరవవచ్చు, కేదార్‌కంఠలో అది చాలా అక్కరకు వస్తుంది.

ఇప్పుడు మీ 20, 30 ప్రశ్నకు వస్తాను. కంపెనీలన్నీ లీటర్లను ఒకే తీరున కొలవవు, కొందరు బయటి జేబులను కూడా కలుపుతారు, కాబట్టి రెండు మూడు లీటర్ల తేడాను పట్టించుకోనక్కరలేదు. కేదార్‌కంఠకు నిర్వాహకులతో వెళ్లేవారిలో చాలామంది పెద్ద సామానును కంచర గాడిదల మీద పంపి, రోజుకు కావలసింది మాత్రమే తాము మోస్తారు. శిఖరం ఎక్కే రోజున చీకట్లో బయలుదేరేటప్పుడు ఉన్న బట్టలన్నీ ఒంటి మీదే ఉంటాయి, ఎండ వచ్చాక జాకెట్ విప్పి బ్యాగులో పెట్టాలి. కాబట్టి బయలుదేరేటప్పుడు మూడో వంతు ఖాళీగా ఉండేలా సర్దుకుంటే 22 లీటర్లు సరిపోతాయి. సామానంతా మీరే మోసుకునే పక్షంలో 45, 50 లీటర్ల పెద్ద బ్యాగు కావాలి, అప్పుడు 30 లీటర్లదీ ఎందుకూ పనికిరాదు. అది రోజూ ఆఫీసుకు మరీ పెద్దది, పూర్తి సామానుకు మరీ చిన్నది. విమానంలో వెళ్తే 20 లీటర్ల బ్యాగు ముందు సీటు కింద పడుతుంది. పవర్ బ్యాంకును చెక్-ఇన్ సామానులో వేయనివ్వరు గనుక అదీ అందులోనే ఉంటుంది.

ధర విషయానికి వస్తే, డెకాత్లాన్ వారి కెచువా, బెంగళూరుకు చెందిన వైల్డ్‌క్రాఫ్ట్ వంటి వాటిలో రెండు మూడు వేల లోపే పనికొచ్చే బ్యాగు దొరుకుతుంది. డాయిటర్, ఆస్ప్రే వంటి విదేశీ బ్యాగుల ధర అంతకు రెండు మూడు రెట్లు ఉంటుంది. వాటి పట్టీలూ కుట్లూ బాగుంటాయి, కాని నాలుగున్నర కిలోల బరువుకు ఆ తేడా తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో కొన్నా, దుకాణంలో కొన్నా చీటీ తెంపకుండా, లాప్‌టాప్, టిఫిన్ డబ్బా, నిండు సీసా పెట్టుకుని మీ అపార్ట్‌మెంట్ మెట్లు కింది నుంచి పై అంతస్తు వరకు నాలుగైదు సార్లు ఎక్కి దిగండి. భుజం మీద పట్టీ అంచు కోసుకున్నా, దిగేటప్పుడు బ్యాగు తల వెనక తగిలినా మార్పిడి గడువు లోపలే వెనక్కి ఇచ్చేయండి.