యాంప్లిఫయర్ వాల్యూమ్ కంట్రోల్ పాడైంది, ఆరు కాళ్లున్నాయి, వెనక 'ఎ503' అని ఉంది. ఏది కొనాలి, ఎలా కలపాలి?

ఆరు కాళ్లంటే స్టీరియోది: ఒకే షాఫ్ట్ (నాబ్ తగిలించే కడ్డీ) మీద రెండు పొటెన్షియోమీటర్లు, అంటే తిప్పితే నిరోధం మారే భాగాలు. 503 అంటే 50 పక్కన మూడు సున్నాలు, అంటే 50 కిలో ఓమ్‌లు. ముందున్న 'ఎ' చాలా ముఖ్యం. ఇప్పటి ఆసియా తయారీల్లో ఎ అంటే లాగ్ (తిప్పేకొద్దీ నిరోధం మొదట నెమ్మదిగా, తర్వాత వేగంగా పెరిగేది), బి అంటే లీనియర్ (మొదటి నుంచి చివరిదాకా సమానంగా పెరిగేది). పాత యూరప్ సరుకులో ఇది తిరగబడి ఉండొచ్చు, కాబట్టి మల్టీమీటర్‌ని నమ్మండి. విడిగా తీసిన కంట్రోల్‌ను సగం తిప్పి, షాఫ్ట్ మీవైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుని, ఒకే వరసలో ఎడమ కాలికీ మధ్య కాలికీ కొలవండి. సుమారు 25 కిలో ఓమ్‌లు వస్తే లీనియర్, 5 నుంచి 10 లోపు వస్తే లాగ్. లాగ్ ఉన్నచోట లీనియర్ వేస్తే నాబ్ కాస్త కదపగానే సౌండ్ ఒక్కసారిగా పెరిగిపోతుంది, రాత్రిపూట తక్కువలో పెట్టుకోవడం కుదరదు.

కలిపేటప్పుడు కూడా షాఫ్ట్ మీవైపు, కాళ్లు కిందికి పెట్టి చూడండి. ప్రతి వరసలో ఎడమది గ్రౌండ్, మధ్యది యాంప్లిఫయర్‌కి వెళ్లే అవుట్‌పుట్, కుడిది ఇన్‌పుట్. ఒక వరస లెఫ్ట్ ఛానల్‌కి, రెండోది రైట్‌కి. ఎడమ, కుడి కాళ్లు తారుమారైతే వాల్యూమ్ ఉల్టాగా పనిచేస్తుంది. హమ్ (గుయ్‌మనే శబ్దం) వస్తుంటే కంట్రోల్ లోహపు బాడీని కూడా గ్రౌండ్‌కి కలపండి.

కొన్ని పాత సెట్లలో వెనక ఆన్-ఆఫ్ స్విచ్ కాళ్లు అదనంగా ఉంటాయి. వాటిలో 230 వోల్టులు ఉండొచ్చు, ప్లగ్ తీశాకే చెయ్యి పెట్టండి. కొనేముందు షాఫ్ట్ పొడవు, కాళ్ల మధ్య దూరం కొలుచుకోండి. పాతది చేతిలో పట్టుకెళ్తే ఇంకా మంచిది.