162 మ్యాచ్‌లా!

ప్రశ్న: అమెరికా వెళ్లాక మా అబ్బాయికి బేస్‌బాల్ పిచ్చి పట్టింది. ఒక్కో జట్టు సీజన్‌కి 162 మ్యాచ్‌లు ఆడుతుందట. అన్ని ఆడితే ఒక్క మ్యాచ్‌కి విలువేముంటుందండీ?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, మొదట్లో నాకూ అదే అనుమానం. ఇప్పుడు ఆ 162 వల్లే ఈ ఆటంటే నాకు ప్రాణం. మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరిదాకా దాదాపు రోజూ ఆటే. న్యూయార్క్‌లో రాత్రి ఏడింటి మ్యాచ్ మనకు తెల్లవారుజామున నాలుగున్నరకి. పెదవాల్తేరులో మా మేడ మీద కాఫీ గ్లాసుతో కూర్చుంటాను. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేసరికి ఎండెక్కుతుంది. ఎంత మంచి జట్టైనా యాభై అరవై మ్యాచ్‌లు ఓడుతుంది. ఓడిన మర్నాడే మళ్లీ మైదానంలో ఉంటుంది. ఆ ఓర్పు నాకు చాలా ఇష్టం.

అసలు టెన్షన్ అక్టోబరులో. 2024 వరల్డ్ సిరీస్, అంటే ఛాంపియన్ ఎవరో తేల్చే ఫైనల్ పోరులో మొదటి మ్యాచ్, మనకు శనివారం ఉదయం. తొమ్మిది ఇన్నింగ్స్‌కీ స్కోరు సమం కావడంతో పదో ఇన్నింగ్స్. లాస్ ఏంజెలెస్ జట్టు డాడ్జర్స్ ఒక పరుగు వెనక, ఇద్దరు అవుట్ (మూడోవాడూ అవుటైతే మ్యాచ్ పోయినట్టే), మూడు బేస్‌లలోనూ వాళ్ల ఆటగాళ్లు పరుగుకి సిద్ధంగా ఉన్నారు. చీలమండ గాయంతో ఆడుతున్న డాడ్జర్స్ ఆటగాడు ఫ్రెడ్డీ ఫ్రీమన్ మొదటి బంతినే స్టాండ్స్‌లోకి కొట్టాడు, ఒక్క దెబ్బకి నాలుగు పరుగులు, మ్యాచ్ గెలుపు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఆ మ్యాచ్ గురించి మీ అబ్బాయిని ఒకసారి అడగండి.