పర్సంటైల్ తగ్గిందని అంత దిగులు పడాలా?

నాలుగో తరగతి చదివే మీ బాబుకి స్టాండర్డైజ్డ్ టెస్టులో (పిల్లలందరికీ ఒకే తీరులో పెట్టి, ఒకరితో ఒకరిని పోల్చి చూసే పరీక్ష), లెక్కల్లో పోయినేడు 55 పర్సంటైల్ వస్తే ఈసారి 38 వచ్చిందని, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉందని రాశారు. మూడేళ్ల క్రితం మా ఇంట్లోనూ ఇదే జరిగింది. మా అమ్మాయికి 41 వచ్చింది. నూటికి 41 మార్కులనుకుని, తను వింటుండగానే "సగం కూడా రాలేదు" అనేశాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను.

పర్సంటైల్ అంటే మార్కులు కావు. అదే తరగతి పిల్లలు వందమందిని వరసలో నిలబెడితే, సుమారు 38 మంది మీ బాబు వెనక ఉంటారని దానర్థం. ఎన్ని లెక్కలు సరిగ్గా చేశాడో అది చెప్పదు. పైగా ఎక్కువమంది పిల్లల స్కోర్లు మధ్యలోనే గుమిగూడి ఉంటాయి. అక్కడ కొద్ది ప్రశ్నలు అటూ ఇటూ అయినా వరసలో చోటు బాగా మారిపోతుంది. మామూలుగా 50 పర్సంటైల్ నుంచి 60కి చేరడానికి స్కోరు ఎంత పెరగాలో, దానికి దాదాపు మూడింతలు పెరిగితే గానీ 90 నుంచి 98కి చేరలేరు. కాబట్టి 55కీ 38కీ మధ్య తేడా పైకి కనిపించినంత పెద్దది కాదు.

రిపోర్టులో స్కోరు పక్కన "ఇంత నుంచి ఇంత వరకు" అని ఒక పరిధి ఇచ్చారేమో చూడండి. అదే పిల్లాడు కొత్తగా ఏమీ నేర్చుకోకుండా మళ్లీ రాసినా స్కోరు కాస్త అటూ ఇటూ అవుతుంది. రెండేళ్ల పరిధులూ ఒకదానిలో ఒకటి కలుస్తుంటే, వెనకబడ్డాడని గట్టిగా చెప్పలేం.

అలాగని రిపోర్టు పక్కన పడేయమనను. లోపల విడివిడిగా ఇచ్చిన అంశాలే అసలు చూడాల్సినవి. మా అమ్మాయికి కూడికలు, ఆకారాలు బాగానే వచ్చాయి, భిన్నాల దగ్గరే పోయింది. టీచర్ నోటుబుక్ తెరిచి చూపిస్తే అక్కడా అదే తప్పు. 4 కంటే 8 పెద్దది కాబట్టి 1/4 కంటే 1/8 పెద్దదనుకుంటోంది! కాగితం పట్టీలు మడతపెట్టి చూపిస్తూ రోజూ పావుగంట కూర్చున్నాం. నెలలో కుదురుకుంది. 1905లో పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ తమ తెలివితేటల పరీక్షను తయారుచేసింది కూడా, బడిలో అదనంగా సాయం కావలసిన పిల్లలెవరో తెలుసుకోవడానికే.

వరసగా రెండు మూడేళ్లు తగ్గుతూ పోయి, క్లాసులో టీచర్‌కీ ఆ ఇబ్బంది కనిపిస్తుంటే మాత్రం ఆలస్యం చేయకండి. చూపు, వినికిడి, చదవడంలో కష్టం ఏమైనా ఉందేమో చూపించండి.

ఈలోగా, నంబరు మాటెత్తకుండా, పరీక్ష రోజు ఎలా గడిచిందో బాబునే అడగండి. నేను అలా అడగడానికి వారం పట్టింది. టైం అయిపోతోందన్న భయంతో చివరి పేజీ చదవకుండానే జవాబుల గళ్లు నింపేశానని అప్పుడు చెప్పింది మా అమ్మాయి.