పెట్టెలో వచ్చే చైనా 250 బైక్‌ని ఇంట్లోనే బిగించుకోవచ్చా?

అమెరికాలో ఆన్‌లైన్‌లో కొంటే పెట్టెలో పంపే చైనా 250 సీసీ బైక్‌ని మెకానిక్ పని రానివాళ్లు ఇంట్లో బిగించుకోగలరా అని అడిగారు. బిగించుకోవచ్చు. డాలస్ దగ్గర మా గరాజ్‌లో నేనూ నా రూమ్మేటూ కలిసి అలాంటి బండినే నిలబెట్టాం. దాని సర్వీసింగ్ అంతా ఇప్పటికీ నేనే చేసుకుంటాను. కానీ మీరు భయపడుతున్న పని వేరు, జాగ్రత్త పడాల్సిన పని వేరు.

పెట్టె లోపల బండిని పట్టుకుని ఉండే ఇనుప చట్రం విప్పితే ముందు చక్రం, హ్యాండిల్, మడ్‌గార్డ్, అద్దాలు, ఇండికేటర్లు, బ్యాటరీ విడిగా కనిపిస్తాయి. వీటిని తగిలించడం సెలవురోజు మధ్యాహ్నం అయిపోయే పని. ముందు చక్రానికి మాత్రం ఇద్దరు ఉండాలి. ఒకరు బండి పట్టుకుంటే, రెండోవాళ్లు డిస్క్‌ని బ్రేక్ ప్యాడ్ల మధ్యకు జారుస్తూ యాక్సిల్ దూర్చాలి. బ్యాటరీని పెట్టకముందే ఫుల్ చార్జ్ చేయండి.

అసలు పని ఫ్యాక్టరీవాళ్లు బిగించి పంపిన భాగాల దగ్గరే. మా బండికి వెనక స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) బోల్టులు కొన్ని వేళ్లతోనే తిరిగాయి. అలాగే నడిపి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. బ్రేక్ కాలిపర్, ఇంజిన్ మౌంటింగ్, హ్యాండిల్ క్లాంపులు, స్ప్రాకెట్ బోల్టులు ఒక్కొక్కటే విప్పి, జిడ్డు తుడిచి, బోల్టు వదులవకుండా పట్టే నీలం లాక్‌టైట్ జిగురు చుక్క వేసి, ఎంత బిగువు కావాలో అంతే బిగించే టార్క్ రెంచ్‌తో బిగించండి. అన్నీ ఒకేసారి విప్పొద్దు. ఎర్ర లాక్‌టైట్ అసలు వద్దు, తర్వాత వేడి చేస్తే గానీ ఊడదు. టార్క్ రెంచ్ కొనాల్సిన పని లేదు, ఆటోజోన్ అనే విడిభాగాల షాపులో డిపాజిట్ కట్టి తెచ్చుకోవచ్చు.

స్పోకులను చిన్న స్పానర్‌తో తడుతూ చక్రం తిప్పండి. బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులుగా ఉన్నది టప్పుమని ఊరుకుంటుంది. మొదటి కొన్ని రైడ్ల తర్వాత మళ్లీ తట్టి చూడాలి. యాక్సిళ్లకూ, హ్యాండిల్ కింద బేరింగులకూ గ్రీజు తగినంత ఉందో లేదో విప్పి చూసి పెట్టండి.

ఇంజిన్ విషయంలో మాత్రం ధైర్యంగా ఉండండి. ఈ బళ్లలో చాలావాటికి ఉండేది హోండా 1976లో తెచ్చిన సీజీ 125 వంశపు ఇంజినే, పేరుకి 250 అన్నా 229 సీసీకి పెంచినది. సర్వీసింగ్ సరిగా అందని దేశాల్లో కూడా తట్టుకోవాలని హోండా దాన్ని వాల్వులను కడ్డీలతో తోసే పుష్‌రాడ్ పద్ధతిలో తయారు చేసింది. ఇంట్లో పని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఇంజిన్ నాకు తెలియదు. వాల్వ్ క్లియరెన్స్, అంటే వాల్వ్ కొనకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు, సరిచేయడానికి ఒక స్పానర్, సందు కొలిచే ఫీలర్ గేజ్ లాంటి చిన్న పనిముట్లు చాలు. పాత సీజీ 125కి ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు 0.08 మిల్లీమీటర్లు. మీ బండి మాన్యువల్‌లో ఎంత ఉంటే అంతే పెట్టండి. క్లియరెన్స్ మరీ తక్కువైతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది, వేడెక్కాక స్టార్ట్ అవ్వడానికి మొరాయిస్తుంది.

ఇంజిన్‌లో పోసి పంపిన ఆయిల్‌ని స్టార్ట్ చేయకముందే పారబోసి, జాసో ఎంఏ (బైకుల ఆయిల్ ప్రమాణం) అని రాసి ఉన్న 10డబ్ల్యూ-40 ఆయిల్ పోయండి. వాల్‌మార్ట్‌లో చవగ్గా దొరుకుతుందని ఎనర్జీ కన్సర్వింగ్ ముద్ర ఉన్న కారు ఆయిల్ పోయొద్దు. క్లచ్ ప్లేట్లు అదే నూనెలో మునిగి ఉంటాయి కాబట్టి జారిపోతాయి. ఈ రకం ఇంజిన్లో మార్చుకునే పేపర్ ఫిల్టర్ ఉండదు, జల్లెడ ఉంటుంది. మొదటి వంద మైళ్లకే ఆయిల్ మార్చి జల్లెడ కడగండి, అందులో సన్నటి లోహపు పొడి కనిపిస్తే కంగారు పడొద్దు. ఆ తర్వాత కూడా ఆయిల్ త్వరత్వరగా మార్చడమే మంచిది.

మన ఊళ్లో స్ప్లెండర్ చైన్ బిగించిన అలవాటు ఉంటే ఇక్కడ పనికొస్తుంది. కానీ వీటితో వచ్చే చైన్ త్వరగా సాగుతుంది, అది పోగానే మంచి కంపెనీది వేయండి. బ్రేకులు ఖాళీ పార్కింగ్ లాట్‌లో బాగా పరీక్షించాకే రోడ్డెక్కండి.

రోజూ ఇంటర్‌స్టేట్ మీద 70 మైళ్ల వేగంతో ఆఫీసుకు వెళ్లాలంటే మాత్రం ఇది కొనొద్దు, ఆ డబ్బుకి బాగున్న పాత జపాన్ బండి మేలు. కాలిఫోర్నియాలో ఉంటే డబ్బు కట్టే ముందే అడగండి, వీటిలో చాలావాటికి అక్కడి వాయు కాలుష్య సంస్థ కార్బ్ అనుమతి లేక రిజిస్ట్రేషన్ అవ్వదు. ఎక్కడున్నా సర్టిఫికెట్ ఆఫ్ ఒరిజిన్ (తయారీదారు ఇచ్చే పత్రం) ఇస్తామని అమ్మేవాళ్లతో ఈమెయిల్‌లో రాయించుకోండి. అది లేకుండా బళ్ల రిజిస్ట్రేషన్ చేసే డీఎంవీ ఆఫీసుకి వెళ్తే కొత్త బండికి టైటిల్, అంటే యాజమాన్య పత్రం, తెచ్చుకోవడం చాలా కష్టం.